టోర్కిల్ బావ శృతి దించిన రోజు

మా ఊళ్లో ఎవరి కోళ్లగూడు కప్పు ఎగిరిపోయినా అది దేవుడి గద్దింపు. టోర్కిల్ బావ కోళ్లగూడు కప్పు ఎగిరిపోతే మాత్రం అది గాలి.

ఈ తేడా ఆయనకి ఎవరు నేర్పారో నాకు తెలియదు. మా లూయిస్ దీవిలో గాలికి కొదవ లేదు. చెట్టన్నది నిలబడనివ్వని గాలి, అందరి కప్పుల్నీ సమానంగానే చూస్తుంది. అయినా మా ఆవు పాలచెంబు తన్నేసిన రోజున ఆయన గోడ మీంచి తొంగి చూసి, "డొలీనా, ప్రభువు నిన్నేదో అడుగుతున్నట్టున్నాడు. కాస్త కూర్చుని ఆలోచించుకో" అన్నాడు. కూర్చుని ఆలోచించుకున్నాను. పొదుగు మీద ఈగ వాలిందని తేలింది. ఆ మాటే చెప్పాను.

"మరి ఆ ఈగని పంపిందెవరు?" అన్నాడు.

మర్నాడు ఆయన ఆవు ఆయన్నే తన్నింది. ఈ అవకాశం పోగొట్టుకోకూడదని నేను గోడ దగ్గరికి పరిగెత్తాను. ఆయన నన్ను చూడగానే మోకాలు పట్టుకుని లేచి, "ఈ ఆవుకి మొదట్నుంచీ పొగరు" అని ఇంట్లోకి వెళ్లిపోయాడు.

ఆయన భార్య ఎఫీ మా పెద్దనాన్న కూతురు, నాకంటే పెద్దది. అందుకని ఆయన నాకు బావ. బావ కాకపోయి ఉంటే ఆయన గురించి ఇలా మాట్లాడే హక్కు నాకు ఉండేది కాదు, మాట్లాడకుండా ఉండగలిగేదాన్నీ కాదు. చెడ్డవాడని అనను. వారమంతా ఇంటి వెనక కొట్టంలో మగ్గం మీద ఉన్ని గుడ్డ నేసేవాడు. ఎవరి ఇంట్లో పొయ్యి ఆరిందని తెలిసినా తన వామిలోంచి, తడినేలలో కోసి ఎండబెట్టిన పీటు మట్టిగడ్డలు బుట్టనిండా తెచ్చి గుమ్మంలో పోసి వెళ్లేవాడు. పోసి ఊరుకుంటే బాగుండేది. పొయ్యి ఎందుకు ఆరిందో, దాని ద్వారా ప్రభువు ఏం చెప్పదలిచాడో కూడా చెప్పి వెళ్లేవాడు.

ఆయన అసలు గొప్పదనం చర్చిలో ఉంది. మా చర్చిలో వాయిద్యాలు ఉండవు. ఉన్నదల్లా గొంతులే. పాస్టరుగారి పీఠం కింద చిన్న పెట్టెలాంటి ఆసనం ఒకటుంది. అందులో కూర్చునేవాడు కీర్తన ఎత్తుతాడు. ఒక్కో పాదం ముందు తనొక్కడే అంటాడు, వెనక మేమంతా అందుకుని సాగదీస్తాం, అది ముగిసేలోపు ఆయన తర్వాతి పాదం అంటాడు. రాగం ఆయన ఇష్టం, శృతి ఆయన ఇష్టం. ఒకసారి శృతి పట్టాడంటే కీర్తన చివరిదాకా అదే శృతి. ఎక్కువైందని తెలిసినా మధ్యలో ఆపి దించడమనేది లేదు. పక్క సంఘంలో ఒక పెద్దాయన అలా ఎక్కువ శృతిలో ఎత్తి, చివరి పాదం దగ్గర కళ్లు తిరిగి పడిపోయాడు గానీ ఆపలేదు. ఆయన్ని ఇప్పటికీ అందరూ గౌరవంగా తలుచుకుంటారు.

టోర్కిల్ బావకంటే ముందు ఆ ఆసనంలో మా పెద్దనాన్న కూర్చునేవాడు. ఆయనకి కొడుకులు లేరు. ఆయన గొంతూ ఆయన చెవీ రెండూ ఎఫీ అక్కకే వచ్చాయి. కానీ మా దగ్గర ఆడది కీర్తన ఎత్తడమన్న మాటే లేదు కాబట్టి, ఆసనం మాత్రం అల్లుడికి వచ్చింది.

మొదట్లో బావ బాగానే ఎత్తేవాడు. వెనక బెంచీల ముసలమ్మలకి కూడా హాయిగా అందేది. ఆయన్ని పాడుచేసింది దక్షిణాన ఉన్న హారిస్ నుంచి వచ్చిన ఒక బోధకుడు. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్ల పండుగకి వచ్చి, ఆరాధన అయ్యాక చెయ్యి పట్టుకుని, "నీ గొంతు ఇవాళ పరలోకం కప్పుని తాకింది, టోర్కిల్" అని వెళ్లిపోయాడు. ఆయన బండి ఎక్కేశాడు, ఆ మాట ఇక్కడే ఉండిపోయింది. అప్పట్నుంచి బావ ఆ కప్పుని వెతుక్కుంటూ ఏటేటా కొంచెం పైకి, ఇంకొంచెం పైకి ఎక్కుతూనే ఉన్నాడు. మాకేమో ఊపిరి ఏటేటా తగ్గుతోంది. వెనక బెంచీల వాళ్లు నోరు మాత్రం కదిపి, నాలుక కింద పెప్పర్‌మెంటు బిళ్ల పెట్టుకుని ఓర్చుకునేవాళ్లు. ఒకామె కీర్తన సమయంలో ఊలు అల్లిక లెక్కలు మనసులో వేసుకునేదాన్నని నాతో ఒప్పుకుంది.

"భక్తి సన్నగిల్లుతోంది. పాడేవాళ్లు తగ్గుతున్నారు" అని బావ బాధపడేవాడు.

"భక్తి కాదు బావా, ఊపిరి" అంటే,

"రెండూ ఒకచోటు నుంచే వస్తాయి" అనేవాడు. ఈయనకి జవాబు చెప్పాలంటే ముందురోజే తయారు చేసుకుని రావాలి.

ఆ సంవత్సరం చలికాలంలో ఎఫీ అక్క ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. పట్నంలో ఆస్పత్రిలో చాలాకాలం పడుకోబెట్టారు. ఇక తిరిగిరాదనే అనుకున్నాం. బావ ఆ రోజుల్లో మగ్గం ముట్టలేదు. ఎవరికి ఏ కష్టం వచ్చినా నోరు తెరవలేదు. ఇది గద్దింపా గాలా అని ఆయన్ని అడిగే ధైర్యం నాకు కూడా లేకపోయింది. వేసవి మొదట్లో పీటు కోసే వేళకి అక్క ఇంటికి వచ్చింది, సగం మనిషై. మెట్టు ఎక్కితే ఆగి ఊపిరి తీసుకునేది. నెమ్మదిగా కోలుకుంది. ఆమె కోలుకున్నకొద్దీ బావ నోరు కూడా కోలుకుంది.

శరత్కాలంలో మా సంఘానికి బల్ల పండుగ. గురువారం నుంచి సోమవారం దాకా ఆరాధనలు, చుట్టుపక్కల సంఘాల వాళ్లంతా వచ్చి మా ఇళ్లలో దిగుతారు. ఆదివారం ప్రభువు బల్ల. తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గరికి పాలుపుచ్చుకునేవాళ్లు నెమ్మదిగా నడిచి వస్తుంటే, వెనక కీర్తన సాగుతుంది. ఆ కీర్తనకి మా పెద్దనాన్న ఒక రాగం పెట్టేవాడు. ఇప్పటికీ అదే పెడతారు.

ఒకరోజు అక్క ఇంట్లో నేను ఉన్ని ఏకుతున్నాను. బావ టీ తాగుతున్నాడు. అక్క ఉన్నట్టుండి, "టోర్కిల్, ఈసారి బల్ల దగ్గరికి నడుస్తూ నేను పాడాలి" అంది.

"పాడు. వద్దన్నదెవరు?"

"నువ్వే. నువ్వు పెట్టే శృతికి నా ఊపిరి చాలదు. కొంచెం కిందకి పట్టు."

బావ టీ కప్పు కింద పెట్టాడు. "ఊపిరి ఇచ్చేవాడు ప్రభువు, ఎఫీ. అడుగు, ఇస్తాడు."

"ఇచ్చినంత ఇచ్చాడు. నువ్వు అడుగుతున్నది ఆయన ఇచ్చినదానికంటే ఎక్కువ."

నేను ఏకడం ఆపి చూశాను. బావ కిటికీలోంచి సముద్రంకేసి చూసి, వాన వచ్చేలా ఉందన్నాడు. రాలేదు.

ఇక ఆ తర్వాత దేవుడు ఆయన్ని వదిలిపెట్టలేదని నా నమ్మకం. మొదట కుక్కని పంపాడు. బావ కుక్క పేరు బ్రాన్. గొర్రెల్ని తోలే కుక్క, ఎంత పొడుగు ప్రసంగమైనా బెంచీ కింద గురక పెట్టి నిద్రపోయేంత మంచి సంఘస్థురాలు. వారం మధ్యలో ప్రార్థన కూటానికి దాన్ని వెంట తేవడం మామూలే. ఆ రోజు బావ కీర్తన ఎత్తాడు. ఎక్కడికి ఎత్తాడో ఏమో, రెండో పాదంలో ఆ పై స్వరం తగిలేసరికి బ్రాన్ నిద్రలోంచి లేచి, మూతి పైకెత్తి ఊళ వేసింది. సరిగ్గా ఆ స్వరం మీదే వేసింది. మాకు ఎవరికీ అందని స్వరం దానికి అందింది. మేమంతా తలలు వంచుకున్నాం. ప్రార్థన కోసం వంచుకున్నామని బావ అనుకుని ఉంటాడు.

బయటికి వచ్చాక, "దీనికేదో పట్టింది. కడుపులో పురుగులు" అన్నాడు.

"బైబిల్లో గాడిద చేత మాట్లాడించిన దేవుడికి కుక్క ఒక లెక్కా?" అంది ఎఫీ అక్క, శాలువా సర్దుకుంటూ.

బావ ఆ రోజు కుక్కకి పురుగుల మందు పోశాడు. ఆ జీవి చేసిన తప్పేమిటో దానికి ఈ జన్మలో అర్థమై ఉండదు.

తర్వాత దేవుడు ఈవెన్‌ని వాడుకున్నాడు. ఈవెన్ తిమింగలాల వేట ఓడల్లో దక్షిణ సముద్రాల్లో చాలా ఏళ్లు తిరిగి వచ్చినవాడు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. బావకి జలుబు చేసిన రోజుల్లో కీర్తన ఎత్తేవాడు. మామూలు శృతిలో, మనుషులు పాడుకునేలా ఎత్తేవాడు. ఆ రోజుల్లో చర్చి నిండా పాట ఉండేది. బావకి జలుబు ఎప్పుడొస్తుందా అని మేము ఎదురుచూసేవాళ్లం. బావ మాత్రం, "తిమింగలాలకి పాడి పాడి వాడి గొంతు నీళ్లలో మునిగిపోయింది" అనేవాడు.

ఆ ఈవెన్ పీటు వామి ఒకనాడు పక్కకి ఒరిగి కూలింది. బావ వెళ్లి నిలబడి, "ప్రభువు దేన్నైనా ఊరికే కూల్చడు, ఈవెన్. ఎత్తుకి పోవాలనుకున్నదాన్నే కూలుస్తాడు" అన్నాడు.

"సరిగ్గా పేర్చలేదు మామా, అంతే" అన్నాడు ఈవెన్. అని గడ్డలు ఏరుకుంటూ, తలెత్తకుండా, "నువ్వు చెప్పింది కూడా నిజమే. మా ఆవిడ కూడా నిన్నటి ప్రార్థన కూటం నుంచి వచ్చి అదే అంది. ఎత్తు ఎక్కువైందని. వామి గురించే అనుకున్నాను" అన్నాడు.

మాట తక్కువ మనిషి మాట్లాడితే ఇలాగే ఉంటుంది. బావకి ఆ మాట ఇల్లు చేరేదాకా అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు వారాలు ఈవెన్‌తో మాట్లాడలేదు.

చివరికి పాస్టరుగారే వచ్చారు. నికల్సన్ గారు మెత్తని మనిషి. ఎవరినైనా మందలించాల్సి వస్తే ముందు వాళ్ల గొర్రెల గురించి అడుగుతారు. ఆ రోజు గొర్రెల గురించి, మగ్గం గురించి, అక్క ఆరోగ్యం గురించి, కుక్క కడుపు గురించి కూడా అడిగారు. అప్పుడు, "టోర్కిల్, ఆదివారం బల్ల దగ్గర సంఘమంతా పాడాలని నా కోరిక. నువ్వు కొంచెం దించి పట్టగలిగితే నువ్వే ఎత్తు. కష్టమనిపిస్తే చెప్పు, ఈవెన్ ఎత్తుతాడు. ఏదైనా నీ నోటితోనే చెప్పు" అన్నారు.

బావ ముఖం గోడలా అయిపోయింది. మామగారి ఆసనంలోంచి, అన్ని సంఘాలూ చూస్తుండగా, తిమింగలాల వాడి కోసం లేవడమా? నాకు నిజంగా జాలేసింది. ఆ ఆసనం పోతే ఆయనకి మగ్గం తప్ప ఏమీ మిగలదు.

"దించుతాను, అయ్యగారూ" అన్నాడు. అంత వినయంగా అనేసరికి నాకు అనుమానం వచ్చింది.

నా అనుమానం శనివారం నిజమైంది. అతిథులతో చర్చి నిండిపోయింది. బావ ఆసనంలో లేచి నిలబడి గొంతు సవరించుకుని కీర్తన ఎత్తాడు. ఎత్తడం కాదు, పాతిపెట్టాడు. అంత కింద నుంచి మనిషి గొంతు రావడం నేను అప్పటిదాకా వినలేదు. ఆడవాళ్లకి అసలు అందలేదు. మగవాళ్లు గడ్డాలు మెడకి ఆనించుకుని, పశువుల కొట్టంలో వినబడే చప్పుడేదో చేశారు. అతిథులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాస్టరుగారు నీళ్లు తాగారు, మళ్లీ తాగారు. బ్రాన్ మాత్రం హాయిగా నిద్రపోయింది.

బయట టోపీ చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు బావ. "దించమన్నారు, దించాను. పెద్దల మాటకి లోబడటమంటే అదే మరి" అన్నాడు వచ్చినవాళ్లందరితో, అడగని వాళ్లతో కూడా.

ఆ మధ్యాహ్నం అక్క ఇంట్లో ఆదివారానికి కావాల్సిన బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాం. ఆదివారం మా ఇళ్లలో కత్తి ముట్టం, నీళ్లు తోడం. అతిథులు పొలంవైపు వెళ్లారు. బావ లోపలికి వచ్చి నీళ్ల బిందెలు దించాడు.

"టోర్కిల్" అంది అక్క, దుంప మీంచి కళ్లెత్తకుండా. "రేపు మా నాన్న రాగం ఎత్తొద్దు."

"బల్ల దగ్గర అది కాక ఇంకేం ఎత్తుతారు?"

"ఏదైనా ఎత్తుకో. అది మా నాన్నది. ఆ ఆస్పత్రి మంచం మీద చలికాలమంతా దాన్ని లోపల పాడుకుంటూ బతికాను. ఇంటికి వెళ్తాను, బల్ల దగ్గర పైకి పాడతాను అనుకుంటూ బతికాను. నువ్వు ఆకాశంలో పెడితే నాకు అందదు, పాతాళంలో పెడితే అందదు. నా నోటికి అందేచోట పెట్టలేనప్పుడు దాన్ని ముట్టుకోకు."

"ఇవాళ దించానా లేదా?"

"గొంతు దించావు. నువ్వు దిగలేదు."

అక్క పెళ్లైన ఇన్నేళ్లలో ఆయనతో అలా మాట్లాడటం నేను వినలేదు. బావ ఏదో అనబోయాడు. ఆమె ఇంకో దుంప అందుకుంది. ఆయన మగ్గం కొట్టంలోకి వెళ్లాడు. మగ్గం చప్పుడు ఎంతసేపటికీ వినబడలేదు. నేను మిగతా దుంపలన్నీ చెక్కు తీసి ఇంటికి వచ్చేశాను. నాకు ఆయన మీద కోపంగా ఉంది, ఆయన కోసం దిగులుగానూ ఉంది.

ఆదివారం చర్చిలో నిలబడటానికి చోటు లేదు. హారిస్ నుంచి, ఉత్తరపు కొస నుంచి, పడమటి తీరం నుంచి జనం. నేను అక్క పక్కన కూర్చున్నాను. ప్రసంగం అయింది, బల్ల మీద రొట్టె మీది గుడ్డ తీశారు. పాస్టరుగారు పిలిచారు. పాలుపుచ్చుకునేవాళ్లు లేచి నెమ్మదిగా నడవడం మొదలుపెట్టారు. అక్క కూడా లేచింది. నేను వెనక నడిచాను.

బావ కీర్తన ఎత్తాడు. పెద్దనాన్న రాగమే ఎత్తాడు.

మొదటి పాదం మధ్యలోనే నాకు అర్థమైపోయింది. ఆయన దించి పట్టాలనే అనుకుని ఉంటాడు, ఆ మాట ఇప్పటికీ నమ్ముతాను. కానీ ముందు బెంచీలో, పరలోకం కప్పు గురించి చెప్పిన ఆ హారిస్ బోధకుడు కూర్చుని ఉన్నాడు. ఆయన ముఖం చూడగానే బావ గొంతు తనంతట తానే మెట్లెక్కింది. ఎప్పటికంటే ఎత్తుకి ఎక్కింది. జనం మొదటి పాదం అందుకోబోయి వదిలేశారు. రెండో పాదానికి మగవాళ్లు కొంతమంది ప్రయత్నించారు. మూడో పాదానికి బావ గొంతు ఒక్కటే మిగిలింది, సన్నగా, అంచున నిలబడి. పాట ఆగిపోతే నడిచేవాళ్లు ఏం చెయ్యాలో తెలియక మేము నడవలో నిలబడిపోయాం.

అక్క అప్పటికి ఆసనం పక్కకి వచ్చింది. ఆమె నోరు తెరిచే ఉంది. అందులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఆమె ఆయనకేసి చూడటం లేదు, బల్లకేసి చూస్తోంది. బావ మాత్రం ఆమెకేసే చూశాడు.

నాలుగో పాదం అందుకోవాల్సిన చోట ఆయన అందుకోలేదు.

మా చర్చిలో అలాంటి నిశ్శబ్దం ఎన్నడూ లేదు. నా నోట్లో పెప్పర్‌మెంటు బిళ్ల పంటికి తగిలిన చప్పుడు నాకే వినబడింది. పీఠం మీంచి పాస్టరుగారు వంగి చూశారు. ఈవెన్ లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. లేచి ఉంటే ఆసనం ఆ క్షణంలో అతనిదే, ఎవరూ కాదనేవారు కాదు. అతను ఎందుకు కూర్చున్నాడో తర్వాత అడిగాను. "ఆయన ఇంకా అయిపోలేదనిపించింది అక్కా" అన్నాడు.

బావ ఆసనం అంచు పట్టుకున్నాడు. "శృతి ఎక్కువ పట్టాను" అన్నాడు. చిన్న గొంతుతోనే అన్నాడు, చివరి బెంచీ దాకా వినబడింది. "తప్పు నాది. ఇవాళ ఒక్కరోజుదే కాదు. ఉన్నచోటే ఉండండి, మళ్లీ మొదటినుంచి తీసుకుంటాను."

తీసుకోబోయాడు. గొంతు రాలేదు. ఇన్నేళ్లు పైనే తిరిగినవాడికి కింద దారి దొరకలేదు. రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. ముఖం ఎర్రబడి, ఆ తర్వాత తెల్లబడింది. ఒక్కసారిగా ముసలివాడిలా కనిపించాడు. నేను వెనక నిలబడి, నా మీద ఆయన చేసిన బోధలన్నీ క్షమించేశాను.

అప్పుడు ఎఫీ అక్క ఆయనకి స్వరం ఇచ్చింది. నోరు మూసుకునే, ఊయల పక్కన తల్లి కూనిరాగం తీసినంత మెల్లగా, వాళ్ల నాన్న ఎక్కడ పట్టేవాడో అక్కడ. ఆడది. మా చర్చిలో. సంఘపెద్దలంతా బల్ల చుట్టూ ఉండగా. బావ తల వంచి విన్నాడు. చిన్నపిల్లాడు అక్షరం దిద్దుకున్నట్టు ఆ స్వరాన్ని ఆమె దగ్గర తీసుకుని, దాని మీద మొదటి పాదం ఎత్తాడు.

చర్చి మొత్తం అందుకుంది. ఊలు లెక్కలు వేసుకునేవాళ్లు, నోరు కదిపేవాళ్లు, అందరూ. ఆ శబ్దం నేలలోంచి వచ్చి కాళ్లకి తగిలింది. మేము మళ్లీ నడిచాం. అక్క పాడింది. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటూ, మళ్లీ అందుకుంటూ, బల్ల చేరేదాకా పాడింది. నేను ఏడ్చాను. బిళ్ల గొంతుకి అడ్డం పడిందని పక్కామెతో చెప్పాను. ఆమెకి కూడా బిళ్లే అడ్డం పడిందట.

ఆరాధన అయ్యాక సంఘపెద్దల్లో అందరికంటే పెద్దాయన తలుపు దగ్గర నిలబడి, "ఎఫీకి దగ్గు ఇంకా తగ్గినట్టు లేదు, అయ్యగారూ. కీర్తనకి ముందు కొంచెం దగ్గింది" అన్నాడు.

"అవును, నేనూ విన్నాను" అన్నారు నికల్సన్ గారు. "మంచి శృతిలో దగ్గింది." ఇక ఆ విషయం మా సంఘంలో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కథ ఇక్కడ ఆగితే టోర్కిల్ బావ మారిపోయాడని మీరు అనుకుంటారు. అందుకే సోమవారం సంగతి కూడా చెప్పాలి.

తెల్లవారేసరికి గట్టి గాలి వీచి వెళ్లింది. నా కోళ్లగూడు కప్పు వెళ్లి బావ బంగాళాదుంపల మడిలో పడింది. ఆయన మగ్గం కొట్టం తలుపు ఊడి వచ్చి నా వాకిట్లో పడింది. నేను బయటికి వచ్చేసరికి ఆయన గోడ అవతల నిలబడి నా గూడుకేసి చూస్తున్నాడు. ఏమంటాడో నాకు తెలుసు. ఏమనాలో కూడా రాత్రి కప్పు ఎగిరిన చప్పుడు వినగానే తయారు చేసుకున్నాను, ఆయన తలుపు నా కాళ్ల దగ్గరే ఉంది కూడా.

"గట్టి గాలి వేసింది, డొలీనా" అన్నాడు. "ఉండు, సుత్తి తెస్తాను."

నా జవాబంతా వృథా అయింది. కొంచెం కోపం కూడా వచ్చింది. "మరి నీ తలుపో, బావా? అదీ గాలేనా?"

ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. తలుపుకేసి చూశాడు. "అది..." అని ఆగాడు. నిన్న ఆసనంలో ఆగినట్టే ఆగాడు. "అది నాకేనేమో. రాత్రి భోజనం దగ్గర అతిథులతో అనేశాను, ఈ దీవిలో కీర్తన మధ్యలో ఆపే ధైర్యం చేసిన మొదటివాణ్ణి నేనేనని. ఒక్కసారి అన్నాను."

"ఒక్కసారేనా?" అంది లోపలి నుంచి ఎఫీ అక్క.

బావ గోడ మీద మోచేతులు ఆనించి నిట్టూర్చాడు. "చూశావా, ఇంకా తలుపు ఎత్తకముందే ఇంకో గద్దింపు" అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన కూడా నవ్వాడు. తన మీద తాను నవ్వుకోవడం అలవాటు లేని మనిషి కదా, మొదట కొంచెం తుప్పు పట్టినట్టు వచ్చింది.

తలుపు తర్వాత చూసుకుందామని ముందు నా గూడు కప్పు పట్టుకొచ్చాడు. నేను మేకులు అందిస్తున్నాను. సుత్తి దెబ్బల మధ్య పెద్దనాన్న రాగం తీస్తున్నాడు, తనకి తెలియకుండానే. గోడ అవతల అక్క గిన్నెలు కడుగుతూ అందుకుంది. కాసేపయ్యాక చూసుకుంటే నేను కూడా పాడుతున్నాను.